నిన్నటి భ్రమరాంబ

ఎపిసోడ్ 2,614

నిన్నటి భ్రమరాంబతో పోలిక: తొంభై తొమ్మిది శాతం. ముక్కుపుడక కుడివైపే ఉంది. పైట ఎడమ భుజం మీదే ఉంది. నాలుగో సీనులో మూడు చెవులు వచ్చాయి, ఒకటి తీయించాను.

పోలికల పరిశీలకురాలు ఈ నమోదు ఆదివారాలు తప్ప రోజూ రాయాలి. సొంత అభిప్రాయాలు రాయకూడదని పైన అచ్చేసి ఉంది. ఇన్నేళ్ళలో దీన్ని ఒక్కరూ చదివిన పాపాన పోలేదు కాబట్టి రాస్తున్నాను.

‘ఇంటికి రెండు తాళాలు’ సీరియల్‌లో నటులు లేరు, సెట్టు లేదు. కథ చెబితే బొమ్మలు తీసేది యంత్రం. ఆఫీసులో అందరం దాన్ని అల్లుడుగారు అంటాం. కరెంటు కాస్త తగ్గితే అలుగుతారు, ఎవరూ పల్లెత్తు మాట అనకూడదు, ఆయన చేసిన తప్పు మనమే సర్దుకోవాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కేమిటంటే నిన్న ఏం తీశారో ఆయనకి ఈ రోజు గుర్తుండదు. నిన్న కోడల్ని ఇంట్లోంచి గెంటేసిన అత్త ఇవాళ వేరే ముక్కుతో వచ్చి తలుపు తీస్తుంది. అలా రాకుండా చూడటమే నా ఉద్యోగం. ప్రతి షాటునీ నిన్నటి ఎపిసోడ్ పక్కన పెట్టి పోలుస్తాను. మొదట్లో మనిషిని చూసి తీసుకున్న అసలు మూలపటంతో పోల్చడానికి కరెంటు ఎక్కువ ఖర్చవుతుందని కంపెనీ మాన్పించింది. నిన్నటిలా ఉంటే చాలట.

అల్లుడుగారికి మూతి తిప్పడం రాదు. ఎక్కడో చలిదేశంలో నేర్చుకున్న చదువు. మూతి తిప్పమంటే పెదవులొక్కటే పక్కకి జరుపుతారు, చూసినవాళ్ళు డాక్టర్ని పిలవాలి. మూతి తిప్పడమంటే ముందు కనుబొమ కదలాలి, తరవాత గడ్డం, ఆఖర్న మూతి. ఈలోగా మెడ అటు తిరిగిపోవాలి. భ్రమరాంబలాంటి అత్తకి అది రాకపోతే సీరియల్ మూసుకోవాల్సిందే. అందుకని బల్ల మీది కెమెరా ముందు కూర్చుని రోజూ నేనే చేసి చూపిస్తాను. మూతి తిప్పడం, కళ్ళెర్రజేయడం, నవ్వీనవ్వకుండా వదిలేయడం, అన్నీ. ఇవాళ పదకొండు చూపించాను. బుగ్గలు నొప్పి పుడుతున్నాయి. ఈ పని నా ఉద్యోగపత్రంలో లేదు, కానీ నాలా చేసేవాళ్ళు మాత్రం ఈ ఊళ్ళో ఇంకొకరు లేరు.

ఎపిసోడ్ 2,629

నిన్నటితో పోలిక: తొంభై తొమ్మిది.

చూసేవాళ్ళు బాగా పెరిగారని మా మేనేజరు అభినుత్ మిఠాయి పంచాడు. భ్రమరాంబని జనం ఇప్పుడు తిడుతున్నంతగా ఎప్పుడూ తిట్టలేదట. కనుబొమ చూస్తేనే ఒళ్ళు మండుతోందని ఒకావిడ ఉత్తరం పంపింది. చదివి చాలాసేపు సంతోషించాను.

నా హోదాకి కూడా ఊళ్ళో విలువ పెరిగినట్టుంది. పొద్దున పడవ ఎక్కబోతే కూర్చున్న నలుగురూ జరిగి బల్లంతా నాకే వదిలేశారు. చేపలమ్మే ఆవిడ నేను బేరమాడకుండానే ధర తగ్గించింది, తొందరగా వెళ్ళమ్మా అంటూ. పక్కింటి కామాక్షి అయితే నన్ను చూసి కొత్త ఆవకాయ జాడీ లోపల పెట్టేసుకుంది. ఇదొక్కటే నాకు అర్థం కాలేదు.

మా కోడలు లాస్యకి ఎనిమిదో నెల. పుట్టగానే బిడ్డను మొదట నేనే ఎత్తుకోవాలని మా వాడితో చెప్పేశాను. మొదట ఎవరు ఎత్తుకుంటే వాళ్ళ బుద్ధులు వస్తాయంటారు. ఇంట్లో ఒక్కరైనా వివరంగా చూసే కళ్ళున్న మనిషి ఉండాలి కదా.

ఎపిసోడ్ 2,640

ఇవాళ శేషారత్నం వచ్చింది.

భ్రమరాంబ ముఖం ఆవిడదే. తొమ్మిదేళ్ళ కిందట కంపెనీ వాళ్ళు ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, ముందు నుంచి, పక్క నుంచి, నవ్వించి, ఏడిపించి మూలపటం తీసుకున్నారు. కాగితం రాయించుకున్నారు. ఆ రోజుల్లో అత్త పాత్ర మంచిదని చెప్పారట. తరవాత కథ మారింది.

మనిషి ముఖానికి గుడ్డ కట్టుకుని వచ్చింది. ఊళ్ళో ఆ గుడ్డ తీయదట. పెద్దాసుపత్రిలో నర్సు. పురుళ్ళ గదిలో ఎన్నో ఏళ్ళు చేసింది. భ్రమరాంబ కోడలికి విషం పెట్టిన ఎపిసోడ్ వచ్చాక ఒక బాలింత, ఆ చేతుల్లో నా బిడ్డను పెట్టొద్దని గొడవ చేసిందట. తరవాత ఇంకొకరు. తరవాత అందరూ. పుట్టగానే బిడ్డ చూసే మొదటి ముఖం అదా అని బంధువులు మీదికొచ్చారట. పెద్ద డాక్టరు ఏమీ చేయలేక ఆవిణ్ణి సామాన్ల గదికి మార్చారు.

“ఈ చేతుల్తో ఎంతమందికి పురుడు పోశానో లెక్క లేదండి. ఇప్పుడు దూది కట్టలు సర్దుకుంటున్నాను. గోడవతల పిల్లలు ఏడుస్తుంటే వినబడుతుందండి, వెళ్ళడానికి లేదు,” అంది.

ఆవిడ అడిగింది ఒక్కటే. భ్రమరాంబ ముఖాన్ని కొంచెం కొంచెంగా మార్చేయమంది, ఎవరికీ తెలియకుండా. తెర మీది ముఖానికీ ఆవిడ ముఖానికీ పోలిక ఎనభైకి దిగి ఒక నెల అలాగే నడిస్తే, కాగితం ప్రకారం ముఖం ఆవిడకి తిరిగి వచ్చేస్తుంది. ఈ పాత్రకూ శేషారత్నానికీ సంబంధం లేదని కంపెనీ సీరియల్‌కి ముందు మూడు రోజులు చెప్పాలి కూడా.

నాకు చిర్రెత్తుకొచ్చింది. నేను ఉన్నది ముఖాలు మారకుండా చూడటానికి, మార్చడానికి కాదు. నా చేతి కింద పోలిక వెంట్రుకవాసి కూడా తప్పదని చూపిద్దామని ఆవిణ్ణి కెమెరా ముందు కూర్చోబెట్టి, గుడ్డ తీయించి, తెర మీది భ్రమరాంబని ఆవిడ ముఖం పక్కన పెట్టి తూచాను.

ఎనభై మూడు వచ్చింది.

మళ్ళీ తూచాను. ఎనభై మూడే. ఆవిడ ఆ అంకె చూసి, “అంటే ఇంక మూడేనాండి?” అంది. నా కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. నేనేం చేయలేదని ఎంత చెప్పినా వినలేదు.

ఆవిడ ముఖం దగ్గరగా చూడటం నాకు అదే మొదలు. భ్రమరాంబలా లేనే లేదు. మెత్తగా ఉంటుంది, ఏదో అడగబోయి మానుకున్నట్టు. ఇన్నేళ్ళూ నేను కాపాడింది ఎవరి ముఖాన్ని అనిపించింది.

ఎపిసోడ్ 2,641

అభినుత్‌కి చెప్పక తప్పలేదు. నిన్నటితో పోలిస్తే రోజూ ఒక్క శాతమే తేడా. ఆ ఒక్క శాతమే పోగుపడి ఇంతైంది. కంపెనీ మాన్పించిన కొలత వల్లే ఇలా జరిగిందని అన్నాను. అతను తప్పు ఎవరిదన్నది తరవాత మాట్లాడుకుందాం అన్నాడు, అంటే నాదేనని అర్థం.

మూలపటం మళ్ళీ ఎక్కిస్తే ఒక్క పూటలో పాత ముఖం వచ్చేస్తుంది. కానీ అది ఆఖరి మందు. రెండేళ్ళ కిందట సీరియల్లో పెద్దకొడుకు ముఖం ఒక్కరోజులో మారిపోతే ఆడవాళ్ళంతా ఆఫీసు మెట్ల మీద కూర్చుని పాత మొగుణ్ణి తెచ్చిపెట్టమన్నారు. అందుకని మెల్లగా దారికి తీసుకురమ్మన్నాడు. అంటే అల్లుడుగారి పక్కన కూర్చుని, ప్రతి షాటుకీ అలా కాదు బాబూ, ఇలా అని చెప్పాలి. ముఖం చూపించి మరీ చెప్పాలి. ఇందులో నాకన్నా నేర్పరి ఎవరు?

ఇవాళ యాభై సార్లు చూపించాను.

ఎపిసోడ్ 2,650

శేషారత్నంతో పోలిక: డెబ్భై ఆరు.

ఎక్కువ దిద్దినకొద్దీ ఎక్కువ పోతోంది. కనుబొమ సరిచేస్తే గడ్డం పోయింది. గడ్డం చూపిస్తే బుగ్గ పోయింది. అల్లుడుగారికి ఈసారి నిజంగా మతి చలించిందని అభినుత్‌తో అన్నాను. అతను నా వైపు ఒకసారి, తెర వైపు ఒకసారి చూసి మంచినీళ్ళు తాగాడు.

ఎనభైకి దిగిన రోజు నుంచి నెల లెక్క మొదలైంది. నెల నిండేలోగా పోలిక మళ్ళీ పెరగకపోతే శేషారత్నం పురుళ్ళ గదికి వెళ్ళిపోతుంది, నేను ఇంటికి వెళ్ళిపోతాను. ఆవిడ రోజూ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి ఇవాళ ఎంతండీ అని అడుగుతోంది. చెప్పకూడదు. చెబుతున్నాను.

ఊళ్ళో కూడా నాకు రోజులు బాగా లేవు. పడవవాడు పొద్దున మొదటి బేరానికి నన్ను ఎక్కించుకోనన్నాడు. లేవగానే మీ ముఖం చూస్తే రోజంతా గాలి ఎదురు తిరుగుతోందమ్మా, ఏమీ అనుకోకండి అన్నాడు. ఉద్యోగం పోయేట్టుందన్న సంగతి నా ముఖంలో అంత కనబడుతోందేమో అనుకున్నాను. కామాక్షి వాళ్ళ చిన్నమ్మాయి నన్ను చూసి వాళ్ళమ్మ వెనక దాక్కుని, “మా అమ్మకి విషం పెట్టకు,” అంది. పిల్లకి సీరియల్ ఎక్కువ చూపిస్తున్నావని కామాక్షిని కోప్పడ్డాను. కామాక్షి ఔనండి ఔనండి అంటూ తలుపు వేసేసుకుంది.

ఎపిసోడ్ 2,663

చట్టప్రకారం ఒప్పుకోలు కాగితం లేని ముఖం తెర మీద ఉండకూడదు. ఇప్పుడున్న ముఖం శేషారత్నానిది కాదు కాబట్టి, అది ఎవరిదైనా ఉందేమో వెతకాలి. అభినుత్ ఊరి ముఖాల పట్టీలో వెతికించాడు. నన్ను పిలిచాడు.

తెర మీద భ్రమరాంబ ఉంది. పక్కన పట్టీలో దొరికిన పేరు: ఈదర మాలతీలత, పోలికల పరిశీలకురాలు. పోలిక: తొంభై నాలుగు.

ఆ పేరు నాది.

పట్టీ తప్పన్నాను. ఆ ముఖంలో గర్వం ఉంది, నాకు లేదన్నాను. మూతి పక్కన అంత లోతు గీతలు నాకు లేవన్నాను. కళ్ళు ఎదుటివాళ్ళ తప్పు కోసం వెతుకుతున్నట్టున్నాయి, నేను ఎప్పుడైనా అలా చూశానా అని అడిగాను. అభినుత్ నెమ్మదస్తుడు, పాపం. తెర ఆపేశాడు. నల్లటి అద్దంలో నా ముఖం కనబడింది. భ్రమరాంబ ఇంకా అక్కడే ఉంది.

మూతి తిప్పడం ఒక్కటే నేర్చుకోమంటే అల్లుడుగారు మూతి చుట్టూ ఉన్నదంతా నేర్చుకున్నారు. ఎవరి ముఖంలో ఏ పుట్టుమచ్చ ఎంత జరిగిందో చెప్పగల మనిషిని. రోజుకి పది గంటలు నా ముఖాన్ని చూస్తూ కూర్చుని నిన్నటిలాగే ఉందని సంతకం పెట్టాను.

ఇంటికెళ్ళి మా ఆయన్ని అడిగాను. ఆయన పేపరు కింద పెట్టలేదు.

“నాకు తెలిసి ఆర్నెల్లైంది,” అన్నారు.

ఎందుకు చెప్పలేదని అడిగాను.

“పోలికలు చూసే ఉద్యోగం నీది. నీకు తెలియకుండా ఉంటుందా అనుకున్నాను. నీ ఇష్టంతోనే జరుగుతోందేమో అనుకున్నాను.”

అందుకేనా సీరియల్ చూడటం మానేశారు అన్నాను. ఆయన పేజీ తిప్పారు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తుంటే మూతి ఎటు తిరుగుతోందో చూసుకోవాలనిపించి, ఆ ఏడుపు కూడా సరిగ్గా సాగలేదు.

ఎపిసోడ్ 2,669

నెల రేపటితో నిండుతుంది. అభినుత్ రెండు కాగితాలు నా ముందు పెట్టాడు. రెంటిమీదా సంతకం చేయాల్సింది పరిశీలకురాలే, అంటే నేనే.

మొదటిది మూలపటం ఎక్కించడానికి అనుమతి. సంతకం పెడితే ఇవాళే భ్రమరాంబ మళ్ళీ శేషారత్నం అవుతుంది. జనం నాలుగు రోజులు గోల చేసి ఊరుకుంటారు. నా ముఖం నాకు ఉంటుంది. శేషారత్నం పేరు మాత్రం సీరియల్ నడిచినన్నాళ్ళూ ఆ కాగితంలోనే ఉంటుంది, ఈ సీరియల్ ఆగేది ఇప్పట్లో కాదు.

రెండోది నా ముఖం కంపెనీకి ఇస్తున్నట్టు ఒప్పుకోలు. ఎక్కించుకోవడానికి ఏమీ అక్కర్లేదు, ముఖం ఇప్పటికే వాళ్ళ దగ్గరుంది.

రెండిట్లో ఏదైనా నాకు ఒకటేనండి అన్నాడు అభినుత్. చూసేవాళ్ళు ఎంత పెరిగారో ఇంకోసారి చెప్పి మరీ అన్నాడు.

నేను మొదటి కాగితం ముందుకు లాక్కున్నాను. దాచడం దేనికి, ఆవిడ కష్టం ఆవిడది, నా కోడలి పురుడు నాది. లాస్యకి ఇవాళో రేపో. పురిటి గది బయట జనం నన్ను చూసి ఏమంటారో నాకు తెలుసు, ఇదే బల్ల మీద చదివిన ఉత్తరాల్లో ఉంది. సంతకం పెట్టబోతుంటే ఫోన్ మోగింది. శేషారత్నం. ఇవాళ ఎంతండీ అని అడిగింది. డెబ్భై ఒకటి అన్నాను. వెనక పసిపిల్లలు గుక్కపెట్టి ఏడుస్తున్నారు. అంతమంది ఏడుస్తుంటే ఎలా పని చేసుకుంటున్నావని అడిగాను.

“ఒకడు ఆకలికి ఏడుస్తున్నాడండి, మిగతా ఇద్దరూ వాడు ఏడుస్తున్నాడని. కొత్త నర్సుకి తెలీక అందరికీ పాలు పడుతోంది. చెప్పి రావడానికి నాకు అటు వెళ్ళే పని లేదు కదండీ,” అంది.

గోడ ఇవతల నుంచి ఏడుపు విని ఎవరు దేనికి ఏడుస్తున్నారో చెప్పగల మనిషి. ఆవిణ్ణి సామాన్ల గదిలో ఉంచే కాగితం నా చేతిలో ఉంది. నాకు సిగ్గేసింది. అది ఒక కారణం.

రెండో కారణం కూడా రాస్తాను, ఎలాగూ ఎవరూ చదవరు. ఆ పాత్ర శేషారత్నం ముఖంతో ఉన్నన్నాళ్ళూ జనం ఏదో మామూలుగా తిట్టేవాళ్ళు. నా ముఖం వచ్చాకే ఒళ్ళు మండింది. భ్రమరాంబని నిలబెట్టింది నేను. మళ్ళీ ఆ మెత్తటి ముఖానికి అప్పగించి, అది చేతకాక మూతి తిప్పుతుంటే రోజూ కూర్చుని చూడటం నా వల్ల కాదు.

రెండో కాగితం మీద సంతకం పెట్టాను. ఏ కారణం ఎక్కువ బరువు తూగిందో చెప్పలేను. తూచడానికి అల్లుడుగారి దగ్గర కూడా లెక్క లేదు.

ఎపిసోడ్ 2,673

ఇవాళ నేను ఆఫీసుకి వెళ్ళలేదు. నమోదు ఆసుపత్రి నుంచి రాస్తున్నాను.

భ్రమరాంబకీ శేషారత్నానికీ సంబంధం లేదని మూడు రోజులు వరసగా తెర మీద చెప్పారు. నిన్న ఆవిణ్ణి పురుళ్ళ గదికి తీసుకున్నారు. ముఖానికి గుడ్డ లేకుండా అటూ ఇటూ తిరుగుతోంది. కొత్త నర్సు మీద అప్పుడే రెండుసార్లు కేకలేసింది. ఆ కేకలో కూడా ఎక్కడా భ్రమరాంబ లేదు.

లాస్యకి తెల్లవారాక నొప్పులు మొదలయ్యాయి. వరండా బల్ల మీద నేను కూర్చుంటే అటు చివర కూర్చున్న వాళ్ళు లేచి నిలబడ్డారు. ఒక ముసలావిడ మనవరాలి ముఖం కొంగుతో కప్పింది. లాస్య వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి, నా చెయ్యి పట్టుకుని, చాలా మర్యాదగా మాట్లాడింది. అమ్మాయి భయపడుతోందని, తప్పుగా అనుకోవద్దని, బిడ్డ పుట్టగానే మొదట నర్సమ్మ చేతిలో ఉంటేనే మంచిదని అంది. ఆవిడ తప్పేమీ లేదు. ఆ సీరియల్ రోజూ చూస్తుంది.

అలాగేనమ్మా అన్నాను. ఎవరూ చూడకుండా గోడవైపు తిరిగి కూర్చున్నాను.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. మొదట ఎత్తుకున్నది శేషారత్నమే. కడిగి, గుడ్డలో చుట్టి, బయటికి తెచ్చింది. లాస్య వాళ్ళమ్మ చేతులు చాపింది. శేషారత్నం ఆవిణ్ణి దాటి వచ్చి నా ముందు నిలబడింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. నన్ను చూసి ఏడుస్తుందేమో అన్నాను.

“ఏడిస్తే ఏడుస్తుందండి. పిల్లలు ఎవరి చేతుల్లోనైనా ఏడుస్తారు. పట్టుకోండి,” అంది.

పట్టుకున్నాను. ఏడవలేదు. వరండాలో ఉన్నవాళ్ళంతా మెల్లగా చుట్టూ చేరారు. ఎక్కడైనా ఇంతే కదా, పుట్టిన గంటలో ఎవరి పోలికో తేలాలి. మా వాడు చూసి తల గోక్కున్నాడు. మా ఆయన చూసి కళ్ళజోడు తుడుచుకున్నారు. లాస్య వాళ్ళమ్మ పిల్లనీ నన్నూ మార్చిమార్చి చూసి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆఖరికి శేషారత్నమే అంది, “పోలికలు చెప్పడంలో మీకన్నా ఎవరండీ? చూసి చెప్పండి.”

చూశాను. నా కనుబొమలు. నా గడ్డం. పై పెదవి మీద నా వంపు, కొలవక్కర్లేదు. తొంభై నాలుగుకి ఏమాత్రం తగ్గదు. పిల్ల కళ్ళు చికిలించి, తప్పు పట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని చూస్తున్నట్టు నా వైపే చూసింది. లోపల లాస్య నీరసంగా, ఎవరి పోలికండీ అత్తయ్యగారూ అని అడుగుతోంది.

“అచ్చం నీ పోలికేనమ్మా,” అన్నాను.

ఉద్యోగంలో చేరాక తెలిసి తెలిసి ఇచ్చిన మొదటి తప్పుడు నివేదిక ఇదే. వరండా అంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. ఔను, ముక్కు అమ్మదే, నుదురు అమ్మదే అంటూ అందరూ అందుకున్నారు. లాస్య వాళ్ళమ్మ పిల్లను ఇమ్మని చేతులు చాపితే, ఇంకాస్సేపు ఉండనివ్వండి అని శేషారత్నం నా పక్కనే నిలబడింది.